కంప కంచెలోని జుంటీగ

కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డు పల్లెల్లో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళకు తేనె అనగానే మనసులో మెదిలేది చేని చుట్టూ వేసిన కంప. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకొని కొండ చరియల్లోకి దిగి తీసే పెద్దతేనె గురించి మేము వినడమే తప్ప చూసింది లేదు. పుట్టల్లోనూ చెట్టు తొర్రల్లోనూ పలకలు పలకలుగా పట్టే తొర్రతేనె కూడా మా నల్లరేగడి మైదానంలో అరుదే. మాకు తెలిసిన తేనె మనిషి ఎత్తులో, చెయ్యి చాస్తే అందే పుల్లకు, అరచేయి వెడల్పున పట్టేది. దాన్ని పట్టే ఈగను మా ఇంట్లో జుంటీగ అనేవారు. శాస్త్ర గ్రంథాల్లో దాని పేరు ఏపిస్ ఫ్లోరియా. 1787లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. ఇరాన్, ఒమన్ మొదలుకొని మన దేశం మీదుగా ఆగ్నేయాసియా దాకా ఎండ కాచే పల్లపు నేలల్లో అది బతుకుతుంది. చలికొండలు దానికి సరిపడవు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, చెట్లు కురచ అయిన మా సీమ దానికి అన్ని విధాలా సొంత ఊరు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తేనెటీగలను కాపాడాలి అన్నప్పుడల్లా అందరూ అడవుల గురించే మాట్లాడుతారు గాని, చేను గట్టు మీది కంపలో కాపురం ఉండే ఈ ఈగను గురించి మాట్లాడేవారు నాకు చాలా తక్కువగా కనిపించారు.

మొదటిసారి చూసినవారు దాన్ని తేనెటీగ అని పోల్చుకోవడం కష్టం. పనిచేసే ఈగ పొడవు 7 నుంచి 10 మిల్లీమీటర్లకు మించదు. పొట్ట ముందు భాగం ఇటుక ఎరుపు, వెనుక భాగం నలుపు, ఆ నలుపు మీద సన్నని తెల్లని చారలు. మగ ఈగ ఇంకొంచెం లావుగా, నల్లగా ఉంటుంది. పట్టు ఒక్కటే పలక. అది ఒక సన్నని కొమ్మను తనలో కలుపుకొని కిందికి వేలాడుతుంది. కొమ్మకు పైన మాత్రం పలక ఉబ్బి, అరచేయి పట్టేంత బల్లపరుపు గద్దెగా తయారవుతుంది. తేనె అంతా ఆ పై భాగంలోనే, లోతైన గదుల్లో ఉంటుంది. దాని కింద పుప్పొడి, ఆ కింద పిల్లలు, అంచుల్లో మగ ఈగల పెద్ద గదులు, కొత్త రాణి పుట్టే కాలంలో అడుగంచున వేలాడే రాణిగదులు. ఇవన్నీ మామూలుగా మన కంటికి కనిపించవు. ఎందుకంటే ఈగల్లో ఎక్కువ భాగం పనికి పోకుండా పట్టు మీదనే, ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు, తలలు పైకీ పొట్టలు కిందికీ పెట్టి, రెండు మూడు వరసలుగా ఒకదాని మీద ఒకటి పరచుకొని ఉంటాయి. గోడా తలుపూ లేని ఇంటికి అవే గోడలు. చలి వేళ దగ్గరగా ముడుచుకుంటాయి. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే మధ్యాహ్నాల్లో దూరదూరంగా విచ్చుకొని, నీటి చుక్కలు తెచ్చి, రెక్కలతో విసురుతూ లోపలి పిల్లలను చల్లగా ఉంచుతాయి.

ఇక ఆ కంప గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు కంచె అంటే రాతి కూసాలు, ఇనుప ముళ్ళతీగ. 1980లలో మా ఊళ్ళో కంచె అంటే ఒక చిన్న అడవి. అడుగున కిత్తనార, బొంతజెముడు. వాటి మధ్య రేగు, పరికి, బలుసు. వాటి మీద అల్లుకున్న దుష్టపు తీగ, నల్లేరు, అడవి దొండ. వంక పక్కన అయితే వావిలి పొదలు. ఊరికి దగ్గరగా ఉన్న తోటలకు గోరింట. వీటన్నిటి సందుల్లో, ఎవరూ నాటకుండానే, సర్కారు తుమ్మ. ఎండాకాలం పంటలు ఇంటికి చేరిన తరువాత రైతులు కంచె బాగుచేసుకునేవారు. అయితే బాగుచేయడం అంటే ఖాళీలు పడిన చోట నాలుగు ముళ్ళకొమ్మలు కొట్టి పూడ్చడమే తప్ప ఉన్నదాన్ని పెరికివేయడం కాదు. అందువల్ల ఒక్కొక్క కంచె వయసు దాన్ని వేసిన మనిషి వయసును మించి ఉండేది. మా పెద్దచేని పడమటి కంచెను మా జేజి కాపురానికి వచ్చేనాటికే పాతకంచె అనేవారట.

సర్కారు తుమ్మ గురించి మా జిల్లా వారు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది. ఈ చెట్టు మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండపు చెట్టు. 1877లో జమైకా దీవి నుంచి విత్తనాలు తెప్పించి, కట్టెల కరువు తీర్చడానికి నాటి మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల శాఖ వారు దాన్ని మొదట నాటిన చోటు మా కమలాపురమే. అక్కడి నుంచి అది దేశమంతా పాకి చెరువులనూ బీళ్ళనూ ఆక్రమించిందని రైతులు తిట్టుకుంటారు. ఆ తిట్లలో న్యాయం ఉంది, నేను కాదనను. కాని ఏ పువ్వూ లేని నడి ఎండలో కూడా పసుపు పచ్చని పూల కంకులు వేసి, మా ఊరి జుంటీగలను ఆకలికి చావనివ్వకుండా నిలబెట్టిన చెట్టు కూడా అదే. వాటికి మేత అదొక్కటే అని మాత్రం అనుకోకూడదు. ఎండాకాలం మొదట్లో వేప, కానుగ. ఆ తరువాత చింత. వాన పడగానే గట్ల మీద తుమ్మి, పల్లేరు, గడ్డిచామంతి. భాద్రపదం నాటికి రేగుపూత. ఆ రోజుల్లోనే సజ్జ, జొన్న కంకుల మీది పుప్పొడి. చలికాలంలో కంది, ధనియాలు, ఉల్లిపూలు. ఒకటి రాలేలోపు ఇంకొకటి పూసేది. ఈ ఈగ గూటికి చాలా దూరం పోయి మేసేది కాదు. కాబట్టి నడవగలిగిన దూరంలో, పన్నెండు నెలలూ ఏదో ఒక పువ్వు ఉండే చోటే దానికి ఇల్లు. మా కంచెలూ గట్లూ వంక ఒడ్డులూ కలిసి దానికి ఆ ఏర్పాటు చేసి పెట్టాయి.

జుంటీగను చూడడం నాకు నేర్పినవాడు మా చిన్నాయన. ఆయన బడికి పోయింది తక్కువ, చేలల్లో గడిపింది ఎక్కువ. పశువులను వంకకు తోలుకుపోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయి, కంచె పక్కన ఎక్కడ నిలబడితే ఏమి కనిపిస్తుందో చూపించేవాడు. పట్టు కోసం ఆయన కంప లోపలికి చూసేవాడు కాదు. నీళ్ళు పారే కాలువ దగ్గర తడిమట్టి మీద వాలిన ఈగ లేచి ఎటు పోయిందో చూసేవాడు. తరువాత వచ్చిన ఇంకొక ఈగ కూడా అదే దారి పట్టిందా అని చూసేవాడు. "ఈగె పైకి లేచినాక ఒక సుట్టు తిరిగి నేరుగా పోతాది సూడరా అబ్బీ, ఆ నేరు పట్టుకో, ఇంటికి తీసకపోతాది" అనేవాడు. ఆ నేరు పట్టుకొని పోతే కంపలో ఆకుల మధ్య, ఎండుకొమ్మ రంగులోనే కలిసిపోయి, కదలని ఒక నల్లని ముద్ద కనిపించేది. దానికి మరీ దగ్గరగా ముఖం పెడితే ఆ ముద్ద అంతా ఒక్కసారి జలదరించి, ఉస్సుమని సన్నని బుస వినిపించేది. వేల ఈగలు ఒక్కమారు రెక్కలు కదిపిన చప్పుడు అది. కుట్టడానికి అవి అంత తొందరపడవు. ముందు బెదిరించి చూస్తాయి. కుట్టినా పెద్ద ఈగ కుట్టినంత మంట ఉండదు. ఆ బుస విన్న వెంటనే చిన్నాయన నా భుజం పట్టి రెండడుగులు వెనక్కి లాగేవాడు. "అది పొమ్మంటే పోవాల, దాని ఇల్లు అది" అనేవాడు.

ఆయన చూపించిన వాటిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది పట్టుకు రెండు వైపులా కొమ్మ మీద ఉండే జిగట కట్టు. చెట్ల బంక తెచ్చి, కొమ్మ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున పూసి, అది ఆరిపోకుండా ఎప్పటికప్పుడు కొత్త బంక పూస్తూ ఉంటాయి. పట్టు కంపలో ఉంది కాబట్టి దానికి పెద్ద శత్రువు చీమ. పట్టు చేరాలంటే ఆ కొమ్మ మీదనే నడిచి రావాలి. వచ్చిన చీమ కట్టు దగ్గర ఆగిపోతుంది, లేకపోతే కాళ్ళు అంటుకొని అక్కడే చస్తుంది. పట్టు ఉన్న కొమ్మకు ఇంకొక కొమ్మ తగులుతుంటే దానికి కూడా బంక పూసి ఉండడం నేను చాలాసార్లు చూశాను. కొండ ఈగకు కోపం ఉంది, తొర్ర ఈగకు గోడలు ఉన్నాయి. ఈ బుల్లి ఈగకు ఉన్నదల్లా దాక్కోవడానికి నాలుగు ఆకులు, పూసుకోవడానికి కాస్త బంక, గత్యంతరం లేకపోతే లేచిపోవడానికి రెక్కలు. ఎంత తక్కువ బలంతో ఎంత నేర్పుగా బతుకుతుందో చూసినకొద్దీ దాని మీద నాకు గౌరవం పెరుగుతూనే వచ్చింది.

పట్టు పై గద్దె మీద జరిగే ఇంకొక విషయం చిన్నాయనకు తెలుసు గాని దాని అర్థం ఏమిటో ఆయన చెప్పలేదు. మేత నుంచి వచ్చిన ఈగ ఆ గద్దె మీద వాలి, పొట్ట ఊపుకుంటూ ఒక దిక్కుగా కొంచెం దూరం పరుగెత్తి, తిరిగి మొదటి చోటుకు వచ్చి, మళ్ళీ అదే దిక్కుగా పరుగెత్తేది. ఉల్లిమడి ఉన్న వైపుకే ఆ పరుగు ఉందని ఆయన గుర్తించి నాకు చూపించాడు. చాలా ఏళ్ళ తరువాత, పట్నంలో చదువుకునేటప్పుడు, గ్రంథాలయంలో దాని కథ దొరికింది. తేనెటీగల నాట్యభాషను విప్పి చెప్పినందుకు 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950 దశకంలో, అప్పుడు సిలోను అని పిలిచే శ్రీలంకకు వచ్చి, మన ప్రాంతపు తేనెటీగల నాట్యాన్ని పరిశీలించాడు. పెట్టెలోనో తొర్రలోనో ఉండే ఈగలు చీకట్లో నిలువు పలక మీద ఆడుతాయి. సూర్యుడు ఉన్న దిక్కును పై దిక్కుగా మార్చుకొని లెక్క కట్టి చెప్పాలి. జుంటీగకు ఆ లెక్కతో పని లేదు. అది ఆకాశం కనిపించే బల్లపరుపు చోట నిలబడి, పువ్వులు ఎటు ఉన్నాయో నేరుగా అటే పరుగెత్తి చూపిస్తుంది. పొట్ట ఊపే సేపును బట్టి దూరం తెలుస్తుంది. మా చిన్నాయన చూపించిన ఆ పరుగును ఒక జర్మన్ శాస్త్రజ్ఞుడు సముద్రం దాటి వచ్చి చూశాడని చదివిన రోజున నేను ఊరికి ఉత్తరం రాశాను. జవాబులో ఆయన, సిలోనులో వాటికి ఏ పూలు ఉంటాయో కనుక్కొమ్మని మాత్రం రాయించాడు.

అవి ఒకేచోట స్థిరంగా ఉండవు. మార్గశిర, పుష్య మాసాల్లో ఎండ తగిలే వైపు, ఆకులు పలచగా ఉన్న కొమ్మలను ఎంచుకుంటాయి. ఎండలు ముదరగానే ఆ ఇల్లు వదలి, మా పెరటి గోరింట చెట్టులోకో, బావి పక్క నిమ్మచెట్టు నడుమకో, గాలి ఆడే నీడకు మారతాయి. మారడం కూడా ఒక పద్ధతిగా జరుగుతుంది. కొత్త పిల్లలను పెట్టడం ముందే ఆపి, ఉన్న పిల్లలు గదుల నుంచి బయటికి వచ్చిన తరువాత లేస్తాయి. కొత్త చోటు దగ్గరలోనే ఉంటే కొన్ని ఈగలు తిరిగి పాత పట్టు దగ్గరికి వచ్చి, మిగిలిన తేనె తాగి, మైనాన్ని కొరికి, పుప్పొడి మోసే వెనుక కాళ్ళకు అంటించుకొని కొత్త ఇంటికి మోసుకుపోతాయి. మైనం చేయడానికి ఎంత తేనె ఖర్చవుతుందో వాటికి తెలుసు. మా జేజి ఆ దృశ్యం చూసినప్పుడల్లా, పాత ఇంటి దూలాలు పీకి కొత్త ఇంటికి వేసుకునే మన ఊరి సంసారాలను తలచుకొనేది.

తేనె తీయడంలో మా ఇంటికి ఒక కట్టుబాటు ఉండేది. చాలామంది పట్టు ఉన్న కొమ్మను కొడవలితో నరికి, ఈగలను దులిపి, మొత్తం పట్టును తీసుకుపోయేవారు. అందులో పిల్లలు కూడా పోయేవి. జేజి దానికి ఒప్పుకునేది కాదు. వేపాకు పొగ కొంచెం పెట్టి, ఈగలు కిందికి జరిగిన తరువాత, కొమ్మకు పైన ఉన్న తేనె గద్దెను మాత్రం చాకుతో కోసి, కింద పిల్లలున్న భాగాన్ని కొమ్మతో సహా అలాగే ఉంచమనేది. అలా కోసిన తరువాత కొన్ని పట్లు అక్కడే నిలిచి మళ్ళీ పైన కట్టుకునేవి, కొన్ని లేచిపోయేవి. వచ్చే తేనె ఎంతో కాదు, ఒక చిన్న గిన్నెడు. పలచగా ఉండేది, కొంచెం పులుపు తగిలేది, మైనం వాసన వచ్చేది. ఆ గిన్నెడు తేనెను ఉట్టి మీద సీసాలో దాచి, పసిపిల్లలు కాని మా వంటి పిల్లలకు దగ్గు వస్తే తులసి రసంలోనూ, వానాకాలపు జలుబుకు అల్లం రసంలోనూ కలిపి ఇచ్చేది. ఆయుర్వేదంలో తేనెను ఎనిమిది రకాలుగా చెప్పి, చిన్న కపిలవర్ణపు ఈగలు పట్టేదాన్ని క్షౌద్రం అన్నారు. మా జేజికి ఆ సంస్కృతపు పేరు తెలియదు గాని, అంగడి తేనెకూ దీనికీ ఉన్న తేడా నాలుక మీద వేసుకోగానే చెప్పేది.

నిజానికి తేనె దాని సంపదలో చిన్న భాగం. కృష్ణాపురం ఉల్లి మా జిల్లా పంట. ఆ ఉల్లి పండించేవారు విత్తనాన్ని కూడా తామే కట్టుకునేవారు. దసరా, దీపావళి రోజుల్లో మంచి గడ్డలు ఏరి నాటితే సంక్రాంతి దాటాక కాడలు లేచి, వాటి చివర తెల్లని పూల బంతులు విచ్చుకుంటాయి. ఉల్లిపువ్వులో పుప్పొడి ముందు రాలిపోతుంది, అదే పువ్వు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, ఆ తరువాత గాని సిద్ధం కాదు. కాబట్టి ఒక పువ్వు పుప్పొడి ఇంకొక పువ్వుకు చేరకపోతే గింజ కట్టదు. చేరవేసేది ఈగే. ఉత్తరాన మైదానాల్లోనూ మన దక్కనులోనూ ఉల్లి విత్తనపు మడుల మీద ఎక్కువగా కనిపించేది జుంటీగే అని తరువాత చదివాను. మా ఉల్లిమడి గట్టున కూర్చున్నవారికి అది చదవకుండానే తెలిసేది. పొద్దు కొంచెం ఎక్కి ఎండ తగలగానే పూల బంతి బంతికీ ఎర్రపొట్ట ఈగలు. ధనియాల చేను కూడా అంతే. పొద్దుతిరుగుడు మా వైపు వచ్చిన తొలి రోజుల్లో, కంచెకు దగ్గరగా ఉన్న సాళ్ళలో గింజ నిండుగా కట్టి, చేని నడుమ పువ్వుల్లో తాలు ఎక్కువ కనిపించడం మా నాయన గమనించాడు. దాని కారణం కంచెలోనే ఉందని చిన్నాయన చెప్పాడు. ఇద్దరూ కలిసి ఆ ఏడాది కంపను కదపకూడదని నిర్ణయించారు. ఆ నిర్ణయం మా ఇంట్లో ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా చాలా కాలం నిలిచింది.

ఆ తరువాత జరిగినది త్వరగా చెప్పేస్తాను. పత్తి పెరిగింది, పత్తితో పాటు ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్ వచ్చాయి, పూత మీద, ఈగలు తిరిగే పొద్దుటి పూటే మందు కొట్టేవారు. పొలాల మధ్య రస్తాలు వెడల్పు చేశారు. భూముల ధరలు పెరిగి ప్రతి ఒక్కరూ కొలతలు వేయించుకున్నారు. మూడు బారల వెడల్పున్న పాతకంచె ఎవరి భూమిలోకి వస్తుందన్న తగాదా వచ్చింది. దానికి అందరికీ తేలికగా తోచిన పరిష్కారం జేసీబీ. ఒక్క పూటలో పడమటి కంచె మొత్తం వేళ్ళతో సహా లేచిపోయింది. ఆ చోట ఇప్పుడు రాతి కూసాలు, ముళ్ళతీగ. తీగకు ముళ్ళు ఉన్నాయి గాని పువ్వు లేదు, నీడ లేదు. పశువును ఆపడానికి కంచె వేసినవాడికి తీగ సరిపోతుంది; ఆ కంచెలో కాపురం ఉన్న ఈగను, పరికి పండ్లు తినే పికిలిపిట్టను, పొదల అడుగున తిరిగే కౌజును అడిగినవారు లేరు. బీడు అనీ, కంప అనీ, పనికిరాని చోటు అనీ రెవెన్యూ కాగితాలు అనే ప్రతి చోటూ ఏదో ఒక ప్రాణికి పట్టా భూమి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

పోయిన దాన్ని పెట్టెలతో పూరించవచ్చు కదా అని అడిగేవారు ఉన్నారు. ఇప్పుడు మనం చూసే పెట్టెల్లోని ఇటలీ ఈగ 1962లో ఉత్తరాదిన, హిమాచల్ లోని నగ్రోటాలో స్థిరపడి, అక్కడి నుంచి దేశమంతటికీ వచ్చింది. మన తొర్ర ఈగ పెట్టెలో ఉండగలదు గాని, 1990ల మొదట్లో పిల్ల పురుగులకు సోకే వైరస్ తెగులు వచ్చి దక్షిణాదిన ఎన్నో గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఈ పెంపకాలన్నీ మంచివే, వాటి మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. కాని జుంటీగ పెట్టెలో ఉండదు. దానికి వెలుతురు కావాలి, ఆకాశం కనిపించే గద్దె కావాలి, ఇష్టం లేనప్పుడు లేచిపోయే స్వేచ్ఛ కావాలి. పెట్టెలో పెట్టలేని ఈగకు లెక్క లేదు, రాయితీ లేదు, పథకం లేదు. దానికి మనం ఇవ్వగలిగింది ఇల్లు ఒక్కటే. ఆ ఇల్లు కంచె.

అయినా దానితో కలిసి బతకడం తెలిసినవారు ఉన్నారు. మా జిల్లా నుంచి గల్ఫుకు పోయినవారు వేలల్లో ఉన్నారు. మా బావ ఒకాయన మస్కట్ వైపు తోటపనికి పోయాడు. అక్కడి ఖర్జూర తోటల్లో ఒమనీ రైతులు ఈ ఈగనే పట్టుతో సహా తెచ్చి, చీల్చిన పుల్లల మధ్య పలకను బిగించి, నీడలో వేలాడదీసి, పై తేనె మాత్రం కోసుకొని, ఈగలను మళ్ళీ కట్టుకోనిస్తారని ఆయన సెలవులకు వచ్చినప్పుడు చెప్పాడు. దాన్ని వాళ్ళు అబూ తువైఖ్ అంటారట. అక్కడ అది మేసే చెట్లు కూడా మనవాటి వంటివే: సమర్ అనే తుమ్మ జాతి చెట్టు, సిద్ర్ అనే రేగు జాతి చెట్టు. జేజి ఉన్న రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత సంతోషించేదో అని అందరమూ అనుకున్నాము. పై భాగం కోసి కింది భాగం ఉంచే ఆమె పద్ధతిని వాళ్ళు వృత్తిగా చేసుకున్నారు.

చిన్నాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు, నా తమ్ముడు, సేద్యం చూస్తున్నాడు. కాలువ నీళ్ళు, డ్రిప్పు వచ్చాక పొలంలో సగం చీనీతోట అయింది. చీనీచెట్ల నడుమ కొమ్మలు దట్టంగా ఉంటాయి కాబట్టి జుంటీగలు అక్కడ కూడా పట్టు పెట్టడం మొదలుపెట్టాయి. కాని తోటకు మందులు తప్పవు, మందు కొట్టిన వారం అవి కనిపించవు. తమ్ముడితో కూర్చొని మాట్లాడినప్పుడు వాడు నా మాట శ్రద్ధగా విన్నాడు. పూత మీద మందు వేయకుండా ఉండడం, తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన సాయంత్రం పూట వేయడం వాడికి కష్టం అనిపించలేదు. రస్తా వైపు తీగ ఉండనిచ్చి, వంక వైపు మిగిలిన పాతకంచెను మాత్రం జేసీబీకి ఇవ్వనన్నాడు. ఆ కంచెలో రేగు, పరికి, బలుసు, వావిలి ఇంకా ఉన్నాయి. ఖాళీ పడిన చోట్ల తొలకరి తరువాత గోరింట కొమ్మలు కోసి నాటాము. కొమ్మ నాటితే బతికే చెట్టు అది. కరువును తట్టుకుంటుంది, దట్టంగా అల్లుకుంటుంది, దాని పూత వాసనకు జుంటీగలు గుంపుగా వస్తాయి. రెండో ఏటికే అది మనిషి ఎత్తు అయింది. పక్కచేనులో ఉల్లి విత్తనం కట్టే రైతు సంక్రాంతికి ఇంటికి వచ్చి, తన మడి గట్టుకు కూడా నాటుకుంటానని మోపెడు కొమ్మలు అడిగి తీసుకుపోయాడు.